ఒక్క లారీకి నిలకడైన కిరాయి: పార్టీని ఎంచుకునే లెక్క

ఒకే లారీ ఉన్న యజమానికి లోడు దొరకడం పెద్ద కష్టం కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, చిలకలూరిపేటలోనో, హైదరాబాద్ శివార్లలోని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లోనో బండి ఖాళీ అయిందని నాలుగు ఫోన్లు చేస్తే, ఆ రోజు కాకపోతే మర్నాడు ఎక్కడికో ఒకచోటికి ఏదో ఒక సరుకు తగులుతుంది. ఆ తర్వాతి లోడు ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎంతకు వస్తుందో తెలియకపోవడమే అసలు కష్టం. ఫైనాన్స్ కంపెనీ వాయిదా మాత్రం నెలనెలా అదే తేదీకి వస్తుంది. ఖర్చు తేదీ ప్రకారం, రాబడి అదృష్టం ప్రకారం నడిచే ఈ వ్యాపారంలో చిన్న యజమానులు వెతికేది నిలకడగా లోడు ఇచ్చే పార్టీ, అంటే సరుకు పంపే వ్యాపారి లేదా సంస్థ, కోసమే. అయితే ఆ వెతుకులాట చాలావరకు తప్పు చోట మొదలవుతుంది. ఎక్కువ కిరాయి ఎవరిస్తారు, పెద్ద ఫ్యాక్టరీలో ఎవరు తెలుసు అన్న ప్రశ్నల కన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: బండి ఏ రూట్లో తిరగాలి, ఆ రూట్లో ఒక్క లారీతో పని గడుపుకోగల పార్టీ ఎంత పెద్దది కావాలి.

రూటు సంగతి లెక్కలో పెడితేనే తేలుతుంది. కింది అంకెలు ఊహించుకున్నవే గాని, అవి చూపే నిష్పత్తులు ఏ యజమాని పుస్తకంలోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పన్నెండు టైర్ల బండి 25 టన్నుల బియ్యంతో విజయవాడ నుంచి బెంగళూరుకు వెళ్ళి వస్తుందనుకుందాం. దూరం ఒకవైపు దాదాపు 650 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే రానుపోను 325 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున దాదాపు 31,000. టోలు, డ్రైవరు బత్తా, లోడింగు మామూళ్ళు కలిపి 16,000. అంటే బండి కదిలినందుకు అయ్యే ఖర్చు 47,000. ఈఎంఐ, ఇన్సూరెన్సు, ట్యాక్సు, పర్మిట్, టైర్ల అరుగుదల కలిపి నెలకు 90,000 అనుకుంటే, బండి కదిలినా కదలకపోయినా రోజుకు 3,000 పడుతుంది. వెళ్ళేటప్పుడు టన్నుకు 1,700 చొప్పున 42,500, వచ్చేటప్పుడు 1,100 చొప్పున 27,500, మొత్తం 70,000 రాబడి. దారి ఖర్చు పోగా 23,000 మిగులుతుంది. ఈ ట్రిప్పు ఐదు రోజుల్లో ముగిస్తే రోజువారీ ఖర్చు 15,000 పోను 8,000 చేతికొస్తుంది. అదే ట్రిప్పులో రిటర్న్ లోడు కోసం బెంగళూరులో మూడు రోజులు ఆగవలసి వస్తే ఎనిమిది రోజులకు 24,000 పడి, యజమానికి వెయ్యి రూపాయల నష్టం వస్తుంది. కిరాయి తగ్గలేదు, డీజిలు పెరగలేదు, సరుకు తడవలేదు. మూడు రోజుల నిరీక్షణ ఒక్కటే లాభాన్ని నష్టంగా మార్చింది.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. టన్నుకు వంద రూపాయలు ఎక్కువిచ్చే పార్టీ వల్ల ఈ బండికి వచ్చే అదనపు రాబడి 2,500. ఒక రోజు ఆదా చేసే పార్టీ వల్ల మిగిలేది 3,000, దానికి తోడు ఆ రోజు మరో ట్రిప్పుకు కలిసొస్తుంది. బేరమంతా టన్ను రేటు చుట్టూ తిరిగే మార్కెట్లో ఇది సులభంగా కంటికి కనబడదు. మిల్లు గేటు దగ్గర పొద్దున పెట్టిన బండికి సాయంత్రానికల్లా లోడు ఎత్తించే గుమాస్తా, అవతల దిగుమతి దగ్గర హమాలీలను సిద్ధంగా ఉంచే షావుకారు టన్నుకు యాభై రూపాయలు తక్కువిచ్చినా ఎక్కువిచ్చినవాళ్ళతో సమానమే. అందువల్ల నిలకడైన పార్టీని రేటుతో కాక, ఒక ట్రిప్పుకు పట్టే మొత్తం రోజులతో కొలవాలి. రూటు ముందు ఎంచుకోవాలని చెప్పడానికి కారణం కూడా ఇదే. ఒక వారం నాగపూర్, మరో వారం కొచ్చి, ఇంకో వారం కోల్‌కతా తిరిగే బండికి అన్ని ఊళ్ళలోనూ ముఖపరిచయాలే ఉంటాయి, ఎక్కడా పలుకుబడి ఉండదు. ఒకే రూట్లో ఏడాది తిరిగిన బండికి రెండు చివరలా మనుషులు తయారవుతారు.

ఇక పార్టీ పరిమాణం. జగ్గయ్యపేట, తాడిపత్రి, మట్టపల్లి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీలు, కృష్ణపట్నం, కాకినాడ, విశాఖ పోర్టులు, సింగరేణి గనులు రోజూ వందల లారీల పని ఇస్తాయి. కాని ఆ స్థాయి సంస్థలకు ఒక్కో లారీ యజమానితో మాట్లాడే తీరిక ఉండదు, అవసరమూ ఉండదు. వాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో టెండరు పెట్టి పదుల బండ్లున్న కాంట్రాక్టరుకు పని అప్పగిస్తారు, లేదా స్థానిక లారీ ఓనర్ల అసోసియేషన్ సీరియల్ ప్రకారం బండ్లు పంపుతుంది. ఒంటి బండి అక్కడికి చేరేది ఆ కాంట్రాక్టరు కింద అటాచ్ అయ్యో, సీరియల్లో పేరు రాయించుకునో. ఆ ఏర్పాటులో పని దొరుకుతుంది, నెలకు ఎన్ని లోళ్ళు అన్నది మాత్రం వరసలో ఎన్ని బండ్లున్నాయన్న దాన్ని బట్టి మారుతుంది. డిమాండు బాగున్న రోజుల్లో అందరూ కొత్త బండ్లు తెచ్చి సీరియల్ పెంచుకోవడం, మందగించిన రోజుల్లో వారానికొక లోడుకు కూడా దిక్కులేకపోవడం సిమెంటు ఊళ్ళలో పాత కథే.

ఒక్క కర్మాగారం మీద ఆధారపడితే ఏమవుతుందో హిమాచల్ ప్రదేశ్‌లో బాహాటంగా కనిపించింది. 2022 డిసెంబరులో కిరాయి రేట్ల మీద లారీ యూనియన్లకూ యాజమాన్యానికీ కుదరక బర్మాణా, దాడ్లాఘాట్ సిమెంటు ప్లాంట్లు మూతపడ్డాయి. 2023 ఫిబ్రవరి దాకా, అంటే రెండు నెలలకు పైగా, ఆ రెండు ప్లాంట్లనే నమ్ముకున్న వేలాది లారీలు ఆగిపోయాయి. ప్లాంటు ఆగితే కంపెనీకి వేరే ఊళ్ళలో వేరే ప్లాంట్లుంటాయి, యూనియన్ లారీకి మాత్రం అదొక్కటే గేటు. తెలుగు రాష్ట్రాల్లో అంత తీవ్రమైన స్తంభన రాకపోయినా, ఒకే గేటును నమ్ముకున్న యజమాని బేరమాడే శక్తి అక్కడా ఇక్కడా ఒకటే.

ఐదు రోజుల ట్రిప్పుతో నడిచే లారీ నెలకు ఆరు ట్రిప్పులు, అంటే వెళ్ళే దిశలో 150 టన్నులు మోస్తుంది. కాబట్టి దానికి సరిపోయే పార్టీ నెలకు పది పదిహేను లోళ్ళు ఒకే దిశకు పంపేది. అంతకన్నా పెద్ద పార్టీ ఈ బండిని గుర్తుంచుకోదు. అంతకన్నా చిన్న పార్టీ నెలకు ఒకటో రెండో లోళ్ళు ఇచ్చి, మిగతా రోజులు తన కోసం ఎదురుచూడమంటుంది. పది పదిహేను లోళ్ళ పార్టీకి రెండు మూడు నమ్మకమైన బండ్లుంటే చాలు. అందులో ఒకటి రాకపోతే ఆ వారం సరుకు గోడౌనులో నిలబడిపోతుంది గనుక ఆ బండి విలువ వాళ్ళకు తెలుస్తుంది. మిర్యాలగూడ, మండపేట చుట్టుపక్కల మధ్యతరహా బియ్యం మిల్లులు, తెనాలి పప్పు మిల్లులు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల నుంచి మిర్చి పంపే ఎగుమతి వ్యాపారులు, గోదావరి జిల్లాల చేపల మేత తయారీదారులు, చీమకుర్తి దగ్గర పాలిష్ గ్రానైటు పంపే చిన్న యూనిట్లు, జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో పైపులు, రంగులు, ప్యాకింగు సామగ్రి చేసే సంస్థలు ఈ కొలతకు సరిపోతాయి. వీళ్ళకు సొంత లాజిస్టిక్స్ విభాగం ఉండదు. లారీని పిలిచే నిర్ణయం ఆ సంస్థ యజమాని కూడా చేయడు. గుమాస్తానో, డిస్పాచ్ చూసే మనిషో చేస్తాడు. అతని భయాలు మూడే: బండి చెప్పిన పొద్దుకు రాకపోవడం, సరుకు తడిసి లేదా తక్కువై చేరడం, ఫోన్ చేస్తే డ్రైవరు ఎత్తకపోవడం.

ఇలాంటి పార్టీ దగ్గరకు విజిటింగ్ కార్డు పట్టుకుని వెళ్తే వచ్చే ఫలితం తక్కువ. ఆఫీసు నిండా అలాంటి కార్డులే ఉంటాయి. తలుపు తెరుచుకునేది బండ్లు దొరకని రోజున. సంక్రాంతికి డ్రైవర్లంతా ఊళ్ళకు వెళ్ళిపోయిన వారం, మిర్చి యార్డు జోరుగా సాగే ఫిబ్రవరి, మార్చి నెలలు, మామిడి లోళ్ళకు బండ్లన్నీ నూజివీడు వైపు మళ్ళే వేసవి, కొత్త ధాన్యం మిల్లుకు చేరే రోజులు. అటువంటప్పుడు బ్రోకర్లు రేటు పెంచి అడుగుతారు. మామూలు రేటుకే, చెప్పిన పూట బండి తెచ్చి గేటు దగ్గర పెట్టిన యజమాని ఆ ఒక్క ట్రిప్పులో రెండు మూడు వేలు వదులుకుంటాడు గాని, ఆ గుమాస్తా ఫోన్‌లో అతని నంబరు పై వరసలోకి వస్తుంది. దీన్ని పెట్టుబడిగా చూడాలా, మెతకతనంగా చూడాలా అన్నదానిపై లారీ యజమానుల్లోనే వాదన ఉంది. రద్దీ రోజుల్లో నాలుగు రూపాయలు వెనకేసుకోకపోతే ఖాళీ రోజులను ఎలా గడపాలన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే స్థిరమైన పార్టీ కోసం చూసేవాళ్ళ విషయంలో ఆ వాదన తనను తాను ఖండించుకుంటుంది, ఎందుకంటే ఖాళీ రోజులు తగ్గించుకోవడానికే కదా ఈ ప్రయత్నమంతా.

రెండో చివర, అంటే సరుకు దిగే ఊళ్ళో, రిటర్న్ లోడు ఇచ్చే పార్టీని వెతకడం ఇంతకన్నా ముఖ్యం, అయినా చాలామంది దాన్ని బ్రోకర్లకు వదిలేస్తారు. సరుకు దింపుకునే షావుకారు ఆ ఊళ్ళో చాలాకాలంగా వ్యాపారం చేస్తున్న మనిషి. తన సరుకు జాగ్రత్తగా తెచ్చిన డ్రైవరును నెలకు నాలుగుసార్లు చూస్తుంటాడు. ఇక్కడి నుంచి ఆంధ్రకు, తెలంగాణకు సరుకు పంపేవాళ్ళెవరన్నా తెలుసా అని ఆయన్ను అడిగే లారీవాళ్ళు అరుదు. బెంగళూరు చుట్టూ పీణ్య, బొమ్మసంద్రల్లో, పొరుగునే ఉన్న హోసూరులో విజయవాడ, హైదరాబాద్ డీలర్లకు సరుకు పంపే చిన్న పరిశ్రమలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇటువైపు నుంచి మరో దారి కూడా ఉంది. విజయవాడలో ఆ సరుకు కొనే డీలరునే అడిగితే తనకు పంపే కంపెనీ పేరు, అక్కడ లోడింగు చూసే మనిషి పేరు అతనే చెప్తాడు. కిరాయి చెల్లించేది ఆ డీలరే అయినచోట బండిని ఎంచుకునే హక్కు కూడా అతనిదే. రిటర్న్ పార్టీ స్వస్థలంలోనే దొరికే సందర్భాలు ఇలా చాలా ఉంటాయి.

ఇక్కడ బ్రోకరు ప్రస్తావన తప్పదు. బ్రోకరంటే మధ్యలో కమీషను తినేవాడని, అతన్ని దాటి నేరుగా పార్టీని పట్టుకుంటే లాభమంతా యజమానిదేనని ఒక అభిప్రాయం బలంగా ఉంది. అందులో సగమే నిజం. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు లోడింగు రోజునే కిరాయిలో ఎక్కువ భాగం అడ్వాన్సుగా ఇస్తుంది, డీజిలు కొట్టిస్తుంది, డెలివరీ రసీదు చేరాక బ్యాలెన్సు ఇస్తుంది. నేరుగా లోడు ఇచ్చే పార్టీ చాలా సందర్భాల్లో డీజిలు మందం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది నెలకో రెండు నెలలకో బిల్లు మీద ఇస్తానంటుంది. పై లెక్కలో వెళ్ళే దిశ కిరాయి నెలకు 2,55,000. అంతా రెండు నెలల అరువయితే 5,10,000 రూపాయలు బయటే ఉండిపోతాయి. ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు 10,200, అంటే ట్రిప్పుకు 1,700, టన్నుకు 68 రూపాయలు. బ్రోకరు కమీషను అంతకన్నా తక్కువైతే, బ్రోకరే చవక. అతను లోడు ఒక్కటే ఇవ్వడం లేదు, నగదు కూడా ఇస్తున్నాడు. కమీషనులో కొంత భాగం ఆ వడ్డీయేనని అర్థం చేసుకుంటే నేరు పార్టీతో ఏ రేటు దగ్గర, ఎన్ని రోజుల గడువు దగ్గర ఆగాలో తేలుతుంది. బ్రోకరు చూపించిన పార్టీని అతని వెనకగా పట్టుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి: ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వీధి చిన్నది, అక్కడ మాట దాగదు. నిలకడైన పార్టీ చేయిచ్చిన నెలలో మళ్ళీ వెళ్ళి నిలబడవలసింది ఆ ఆఫీసు ముందే.

గడువు విషయంలో చట్టం చిన్న యజమానికి కొంత అండగా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్లో ఉచితంగా రిజిస్టరయిన సూక్ష్మ, చిన్న సంస్థలకు, అందులో రవాణా సేవలు చేసేవారికి కూడా, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ఇంకా పదునైనది. ఆ గడువు దాటించిన మొత్తాన్ని కొనుగోలుదారు చెల్లించేదాకా తన ఖర్చుగా చూపుకోలేడు. నెలకు నాలుగు లోళ్ళు ఇచ్చే పార్టీ మీద ఫిర్యాదు పెట్టే లారీ యజమాని ఎవరూ ఉండరు, పెడితే ఐదో లోడు ఉండదు. ఈ నిబంధన ఉపయోగపడేది మొదటి రోజు బేరంలో. ఉద్యమ్ నంబరు బిల్లు మీద ముద్రించి ఉంటే, మార్చి నెలాఖరు దగ్గర పడేకొద్దీ పార్టీ ఆడిటరే చెల్లింపు గుర్తుచేస్తాడు. కొన్ని సంస్థలు ఈ తలనొప్పి వద్దని రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ వైపు మొగ్గడం కూడా లేకపోలేదు. అలా మొగ్గే సంస్థ తన అరువు పద్ధతి ఎలాంటిదో ముందే చెప్పినట్లే.

కాగితాల సంగతి చాలా మంది యజమానులకు విసుగు పుట్టించే భాగం. మధ్యతరహా పార్టీ దృష్టిలో మాత్రం నమ్మకానికి అదే మొదటి పరీక్ష. పదికి మించి గూడ్స్ వాహనాలు లేని యజమాని తన పాన్ నంబరుతో ఒక డిక్లరేషన్ ఇస్తే పార్టీ కిరాయిలో టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయనక్కర్లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 194సీ(6)గా ప్రసిద్ధమైన ఈ వెసులుబాటు సంగతి తెలియక ఒక శాతం కోయించుకునేవాళ్ళు, పాన్ ఇవ్వక ఏకంగా 20 శాతం కోయించుకునేవాళ్ళు ఉన్నారు. జీఎస్టీ విషయంలో, సొంతంగా బిల్టీ (సరుకు తీసుకున్నట్లు రవాణాదారు ఇచ్చే రసీదు) ఇవ్వకుండా బండిని కిరాయికి తిప్పే యజమాని గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ కిందికి రాడు, అతని కిరాయి మీద పన్ను లేదు. ఏజెన్సీ ద్వారా పంపితే రివర్స్ చార్జ్ కింద, అంటే ఏజెన్సీ బదులు తానే, 5 శాతం కట్టవలసి వచ్చే పార్టీకి ఇది ఆకర్షణే, అయినా పార్టీ బ్యాంకో, ఇన్సూరెన్సు కంపెనీయో బిల్టీ కావాలంటుంది గనుక చాలామంది తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బిల్టీ మీదే లోడు ఎత్తుతారు. బియ్యం, పప్పులు, పిండి, పాలు, ఉప్పు రవాణాకు ఏజెన్సీ ద్వారా వెళ్ళినా పన్ను మినహాయింపు ఉంది గనుక మిల్లుల దగ్గర ఈ చర్చే రాదు. (పన్నుల ప్రభావం లారీ మీద బస్తా రూపంలో కూడా కనబడుతుంది. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం పన్ను వచ్చాక మిల్లులు 26 కిలోల బస్తా కనిపెట్టాయి. లోడు లెక్కించే క్లీనరుకు అప్పటినుంచి ఎక్కం మారింది.)

పన్ను వర్తించే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్లో తీసుకునే అనుమతి పత్రం) ఉండాలి. దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. 650 కిలోమీటర్లకు నాలుగు రోజులు. దారిలో గేర్‌బాక్సు పోయి గడువు దాటేలా ఉంటే, ముగిసే సమయానికి ఎనిమిది గంటలు ముందు నుంచి ఎనిమిది గంటలు తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. బ్రేక్‌డౌన్ అయిన వెంటనే పార్టీకి ఫోన్ చేసి ఆ పొడిగింపు చేయించిన డ్రైవరుకూ, తనిఖీలో పట్టుబడ్డాక ఫోన్ చేసిన డ్రైవరుకూ పార్టీ దృష్టిలో ఉండే తేడా ఒక లోడు కిరాయి కన్నా పెద్దది. సరుకు తాలూకు ట్రాన్సిట్ ఇన్సూరెన్సు పార్టీది, లారీ ఇన్సూరెన్సు లారీకే. బియ్యం తడిస్తే లారీ పాలసీ ఆదుకోదు. చినుకు పడని కాలంలో కూడా టార్పాలిన్ రెండు పొరలు కప్పి, తాళ్ళు బిగించి, లోడింగు దగ్గరే ఫొటో తీసి పంపే అలవాటు వర్షాకాలంలో షార్టేజీ, తడి పేరుతో వచ్చే కోతలను చాలావరకు ఆపుతుంది.

ఓవర్‌లోడ్ గురించి పార్టీ అడిగే తీరును బట్టే అది ఎంతకాలం నిలిచే సంబంధమో చెప్పవచ్చు. 2018లో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువు పరిమితులు పెంచింది. రెండు యాక్సిళ్ళ బండి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు యాక్సిళ్ళది 25 నుంచి 28.5 టన్నులకు పెరిగాయి. ఆ పెంపుతో మోత సామర్థ్యం ఒక్కసారిగా పెరిగి, ఉన్న సరుకుకు బండ్లు ఎక్కువై, చాలా రూట్లలో కిరాయి మీద ఒత్తిడి పడింది. ఆ తర్వాత కూడా ఐదు టన్నులు ఎక్కువ వేసుకో, మేం చూసుకుంటాం అనే పార్టీలు ఉన్నాయి. టన్నుకు 1,700 చొప్పున ఆ ఐదు టన్నుల మీద వచ్చేది 8,500. 2019 సవరణ తర్వాత కేంద్ర మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అంటే ఐదు టన్నులకు 30,000, పైగా అదనపు సరుకు దింపించాకే బండి కదలాలి. చూసుకుంటామన్న పార్టీ ఆ పూట ఫోన్ ఎత్తదని చెప్పడానికి ఎవరి అనుభవమూ అక్కర్లేదు.

ఒప్పందం అనగానే స్టాంపు కాగితం గుర్తొచ్చి ఇరుపక్షాలూ వెనకాడతాయి. ఒక పేజీ ఉత్తరం, లేదా వాట్సాప్‌లో ఇద్దరూ సరేననుకున్న నాలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగింటిలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది డీజిలు వాక్యం. పై ఉదాహరణలో డీజిలు లీటరుకు రూపాయి పెరిగితే రానుపోను 325 రూపాయలు అదనం. వెళ్ళే దిశ వాటా 162. అంటే టన్నుకు ఆరున్నర రూపాయలు. ఫలానా ధర దగ్గర రేటు 1,700 అని, అక్కడి నుంచి ప్రతి రూపాయికి టన్నుకు ఆరున్నర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని రాసుకున్న పార్టీతో ఏడాది పొడవునా రేటు గొడవ రాదు. తగ్గినప్పుడు అడగకుండానే తగ్గించి బిల్లు వేసిన యజమాని మాట పెరిగినప్పుడు చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పన్నుల వల్ల డీజిలు పొరుగు కర్ణాటక కన్నా ఖరీదు గనుక ఏ ఊరి ధరను ప్రమాణంగా తీసుకుంటున్నారో కూడా రాసుకోవాలి. హాల్టింగు (బండి ఆగినందుకు ఇచ్చే పరిహారం) వాక్యం రెండోది: గేటుకు చేరిన 24 గంటల తర్వాత రోజుకు ఇంత అని. అది వసూలు కావడం అరుదే గాని, రాసి ఉండడం వల్ల గేటు దగ్గర ఏ బండిని ముందు లోపలికి పిలవాలన్నప్పుడు గుమాస్తాకు ఒక కారణం దొరుకుతుంది. షార్టేజీకి ఎన్ని కిలోల దాకా కోత ఉండదు, డబ్బు ఎన్ని రోజులకు అన్నవి మిగతా రెండు.

లారీలకు లోళ్ళు చూపించే బ్లాక్‌బక్, వాహక్ వంటి ఆప్‌లు వచ్చాక ఈ శ్రమంతా అనవసరమన్న మాట వినబడుతోంది. ఆప్‌లో లోడు దొరుకుతుంది, పార్టీ దొరకదు. ప్రతి లోడుకూ కొత్త ముఖం, కొత్త బేరం, కొత్త అనుమానం. ఎంచుకున్న రూట్లో ఒక పూట ఖాళీ వచ్చినప్పుడు పూడ్చుకోవడానికి, ఈ వారం బెంగళూరు నుంచి విజయవాడకు మార్కెట్ రేటు ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి అవి నిజంగా ఉపయోగపడతాయి. రెండోది తక్కువ లాభం కాదు. ఇదివరకు ఆ సమాచారం బ్రోకరు దగ్గర మాత్రమే ఉండేది.

ఏ సరుకూ పన్నెండు నెలలూ ఒకే జోరుతో నడవదు. మిర్చి యార్డు వేసవి సెలవులకు మూతపడుతుంది, వానాకాలంలో సిమెంటు, గ్రానైటు మందగిస్తాయి, అదే సమయంలో ఖరీఫ్ ఎరువులు పోర్టుల నుంచి, గూడ్సు రైళ్ళు సరుకు దింపే రేక్ పాయింట్ల నుంచి పల్లెల వైపు కదులుతాయి. అందుకే ఇంటి చివర ఇద్దరు పార్టీలను ఉంచుకోవాలంటే ఇద్దరి సరుకుల రద్దీ నెలలు వేరుగా ఉండాలి. ఇద్దరూ బియ్యం మిల్లువాళ్ళయితే ఇద్దరికీ ఒకే వారం బండి కావాలి, ఇద్దరికీ ఒకే నెల అక్కర్లేదు. బియ్యం ఒకరు, కోల్డ్ స్టోరేజీ మిర్చి లేదా చేపల మేత మరొకరు అయితే నెలకు మూడేసి లోళ్ళు చొప్పున ఆరు ట్రిప్పులూ నిండుతాయి, ఎవరి వాటా సగం దాటదు. అటు చివర ఒక రిటర్న్ పార్టీ, మధ్యలో ఖాళీలకు పాత బ్రోకరు, ఆప్. ఒంటి బండికి ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేదు, సాధ్యం కూడా కాదు.

ఇలా రెండేళ్ళు సవ్యంగా నడిచిన సంబంధంలో ఒకరోజు గుమాస్తా ఇంకో రెండు బండ్లు కూడా నువ్వే చూసిపెట్టు అంటాడు. అప్పుడు యజమాని తెలిసినవాళ్ళ లారీలు తెచ్చిపెడతాడు, వాటి అడ్వాన్సు తన జేబులోంచి ఇస్తాడు, పార్టీ దగ్గర నెలాఖరుకు వసూలు చేసుకుంటాడు, మధ్యలో టన్నుకు ఇంత మిగుల్చుకుంటాడు. తెలియకుండానే తానే ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అయిపోతాడు. సొంత పేరు మీద బిల్టీ ఇచ్చి పదిమంది సరుకు మోసే పని మొదలైతే, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న 2007 నాటి రోడ్డు రవాణా క్యారియర్ల చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్టరు కావాలి. జీఎస్టీలో గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ నిబంధనలు వర్తిస్తాయి. ఇతరుల బండిలో తడిసిన సరుకుకు కూడా పార్టీ ముందు తానే జవాబుదారీ అవుతాడు. బండి చక్రం తిప్పిన చేతికి అది వేరే వ్యాపారం, దాని లెక్క కూడా వేరే.